అక్క పిడికెడు

బియ్యం తొట్టిలోకి జారుతుంటే లేచిన తెల్లటి దుమ్ముకు బస్తా అన్నయ్య మొహం తిప్పుకోలేదు. ఏళ్ళ తరబడి పీలుస్తున్న దుమ్ము అది, ముక్కుకు తగలకపోతే తెల్లవారినట్టే ఉండదు. బస్తాను మోకాలికి ఆనించి, అడుగు రెండు మూలలూ పట్టుకుని చివరి గింజ దాకా దులిపి, ఖాళీ సంచీని మడతపెట్టి గోడవారకు విసిరాడు. కుళాయి తిప్పి, మోచేతుల దాకా ముంచి, బియ్యాన్ని కింది నుంచి పైకి కలియబెట్టాడు. నీళ్ళు పాలలా మారాయి. వంపేసి మళ్ళీ పట్టాడు.

ఆ ఆసుపత్రి వంటశాలలో కూరలకు ఇద్దరు, సూపులకు ఒకరు, రొట్టెలకు ఇద్దరు ఉన్నారు. అన్నానికి మాత్రం ఇతనొక్కడే. భారీ మనిషి. అరచేతులు అట్లకాడల్లా వెడల్పుగా ఉంటాయి. వేళ్ళ కణుపులు ఆవిరికి ఎర్రబడి ఎప్పుడు చూసినా ఉబ్బే ఉంటాయి. కుడి ముంజేతి మీద కాలిన మచ్చ ఒకటి, దాని మీద వెంట్రుక మొలవదు. కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా "ఎంతమందికి వండుతావు?" అని అడిగితే మనుషుల లెక్క చెప్పడు. "పొద్దున మూడు బస్తాలు, సాయంత్రానికి రెండు" అంటాడు. అతని దృష్టిలో బియ్యం బస్తాతో మొదలవుతుంది, అంతకన్నా తక్కువదంతా చిల్లర. అందుకే బస్తా అన్నయ్య అన్న పేరు పడింది. పిలిస్తే పలుకుతాడు కూడా.

ఆవిరితో ఉడికించే స్టీలు గుండిగలు గోడ పొడుగునా వరసగా ఉన్నాయి. ఒక్కోదాని లోపల గీతలు చెక్కి ఉంటాయి. బస్తా బియ్యానికి కింది గీత, రెండు బస్తాలకు పై గీత. కొత్త బియ్యమైతే గీతకు కాస్త కిందే నీళ్ళు ఆపాలి, పాతవైతే గీత మునగాలి. మూత బిగించి ఆవిరి వదిలాక ఇక దాని జోలికి పోకూడదు. అన్నం పలుకైందనో ముద్దయిందనో ఏ వార్డు నుంచీ ఎన్నడూ మాట రాలేదు. అలాగని ఎవరూ మెచ్చుకోనూ లేదు. అన్నం బాగుంటే దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు, అది దాని జాతకం.

అంతటి మనిషి, ఇంట్లో ఒక్క ప్రాణికి గుప్పెడు అన్నం వండలేక నాలుగైదు రోజులుగా తల పట్టుకుంటున్నాడు.

ఆ ఒక్క ప్రాణి అతని అక్క. అమ్మా నాన్నా పోయేనాటికి ఇతను నిక్కర్లు వేసుకునే వయసులో ఉన్నాడు. అక్క బట్టలుతికే కంపెనీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పనికి కుదిరి ఇతన్ని పెంచింది. పెళ్ళి ఊసు వచ్చినప్పుడల్లా "వీణ్ణి కాస్త చేతికందనీ" అనేది. వీడు చేతికందేసరికి ఆ ఊసు ఎత్తేవాళ్ళు లేకపోయారు. అక్క ఒంటరిదైపోతుందని ఇతనూ ఊరుకున్నాడు. ఒకరి కోసం ఒకరు ఏదో వదులుకున్నామని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. అలా జరిగిపోయింది, అంతే. ఆసుపత్రిలో అన్నం వండి వండి ఇంటికొచ్చి, కాళ్ళు చాపుకుని, అక్క వండిన అన్నం తినేవాడు. ఇంటి పొయ్యి ఏ వైపు తిప్పితే వెలుగుతుందో కూడా మొన్నటిదాకా అతనికి తెలియదు.

ఇప్పుడు అక్క మంచం దిగడం లేదు. జబ్బు పేరు చాలా పొడుగు. మందు లేదన్న సంగతి మాత్రం డాక్టరు పొట్టిగానే చెప్పాడు. ఆవిడకూ తెలుసు, గోల చెయ్యలేదు. గోలంతా తిండి దగ్గరే వచ్చింది. తినడం తగ్గించి తగ్గించి చివరికి మానేసింది. వారానికోసారి ఇంటికొచ్చి చూసే నర్సమ్మ కిందటిసారి నిక్కచ్చిగా చెప్పింది. "నేనొచ్చేసరికి ఈవిడ నోటితో నాలుగు ముద్దలైనా తిని ఉండాలి. లేదంటే ఆసుపత్రిలో చేర్పించి ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందే. చూస్తూ చూస్తూ నేను ఊరుకోలేను."

"గొట్టాలేసుకుని నేను చావను. నా మంచం మీద, నా నోటితో తినే పోతాను" అంది అక్క.

"అయితే తినక్కా."

"నువ్వు తెచ్చే ఆసుపత్రి అన్నం నాకొద్దు. వెయ్యిమంది ఊపిరి కొడుతుంది. ఇంట్లో వండు."

నర్సమ్మ మళ్ళీ వచ్చేది ఈ సాయంత్రమే.

మొదటిసారి అతను బస్తాను భాగించాడు. బస్తాకు ఇన్ని నీళ్ళయితే గ్లాసు బియ్యానికి ఎన్ని అని వేళ్ళ మీద లెక్కేసి, చిన్న గిన్నె పొయ్యి మీద పెట్టాడు. అంత చిన్న గిన్నెలో నీళ్ళు చూస్తుండగానే ఆవిరైపోయాయి. పైన బియ్యం బియ్యంలాగే ఉంది, అడుగు మాడింది. మరునాడు సిగ్గు విడిచి అక్కనే అడిగాడు.

"మూడు పిడికెళ్ళ బియ్యం, గ్లాసుడు నీళ్ళు. ఇందులో ఏముందిరా?" అంది ఆవిడ.

మూడు పిడికెళ్ళు పోశాడు, గ్లాసుడు నీళ్ళు పోశాడు. అన్నం రాళ్ళలా వచ్చింది. అక్క ఒక మెతుకు నోట్లో వేసుకుని, "ఇది తినాలంటే ముందు నాకు కొత్త పళ్ళు కట్టించు" అంది. తన పిడికిలి తనదీ, అక్క పిడికిలి అక్కదీ అని అప్పుడు తట్టింది. మర్నాడు బియ్యం డబ్బా మంచం దగ్గరికి తీసుకెళ్ళి "నువ్వే తీసి వెయ్యి" అన్నాడు. ఆవిడ ముచ్చటగా మూడు పిడికెళ్ళు తీసింది. అతను గ్లాసుడు నీళ్ళు పోశాడు. ఈసారి జావ అయింది. అక్క మొహం గోడవైపు తిప్పుకుంది.

బియ్యం అదే, గ్లాసు అదే, చెప్పిన మనిషీ అదే. మరి ఎక్కడ తేడా కొట్టిందో అతనికి అంతు పట్టలేదు. అందుకని ఈ పొద్దున బయల్దేరే ముందు అక్క చేత మళ్ళీ మూడు పిడికెళ్ళు తీయించి కాగితంలో పొట్లం కట్టాడు. ఇంటి బియ్యం ఇంకాసిని టిఫిను డబ్బాలో పోసుకుని, రెండూ వంటశాలకు తెచ్చుకున్నాడు.

మొదటి గుండిగలకు ఆవిరి వదిలాక మసాలాలు తూచే చిన్న కాటా దగ్గరికి వెళ్ళాడు. చేతులు తుడుచుకుని, డబ్బాలోంచి తన పిడికెళ్ళు మూడు తూచాడు. ముల్లు రెండు వందల గ్రాములు దాటింది. దాన్ని డబ్బాలోకి వంపేసి, అక్క పొట్లం విప్పి పోశాడు. ముల్లు బద్ధకంగా కదిలి అరవై దగ్గర ఆగిపోయింది. కాటా పట్టేసిందేమోనని పళ్ళేన్ని వేలితో కొట్టాడు. ముల్లు ఊగి మళ్ళీ అక్కడికే వచ్చింది.

అతను అక్కడే నిలబడిపోయాడు. నీళ్ళు కొలిచే గ్లాసు ఎప్పటిలాగే ఉంది. బియ్యం కొలిచే చెయ్యి అలా లేదు. రోజూ కాళ్ళు పట్టి, పక్క మార్చి, దిండు సర్దుతున్నాడు కాబట్టి అక్క చిక్కిపోయిందని తెలుసు. కానీ ఎంత చిక్కిపోయిందో ఎప్పుడూ తూకం వేసుకోలేదు. ఇన్నేళ్ళూ తనకు అన్నం పెట్టిన పిడికిలి ఇప్పుడు అక్క దగ్గర కూడా లేదు. ఎదురుగా ఎండుమిరపకాయల బుట్ట ఉండబట్టి, కళ్ళలో నీళ్ళకు కారణం ఎవరికీ చెప్పుకోవలసిన పని లేకపోయింది.

"ఏంటన్నయ్యా, చిటికెడు బియ్యం తూస్తున్నావు? బస్తాలు అయిపోయాయా?" అంది కూరలు తరిగే ఆమె, కత్తి ఆపకుండానే.

అతను సంగతి చెప్పాడు. పెద్దగా మాట్లాడే అలవాటు లేనివాడు కాబట్టి ముందుది వెనకా వెనకది ముందూ చెప్పాడు, అయినా ఆమెకు అర్థమైంది. కత్తి పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చింది.

"నా పిడికిలితో చూడు."

ఆమె చెయ్యి సన్నం. వేళ్ళు పొడుగ్గా, నాజూగ్గా ఉన్నాయి. అతను తల అడ్డంగా ఊపాడు. "కాదు చెల్లెమ్మా. అక్కది ఇంకా వెడల్పు. ఇస్త్రీపెట్టె పట్టిన చెయ్యి."

"ఎంత వెడల్పో నీకెలా గుర్తు? ఎప్పుడైనా టేపు పెట్టి కొలిచావా?"

"కొలవడం ఎందుకు? చిన్నప్పుడు నా వీపు మీద ఐదు వేళ్ళూ అచ్చు పడేవి."

గిన్నెలు తోమే ఆమె తొట్టి దగ్గర్నుంచి ఫక్కున నవ్వింది. కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి కుడి చెయ్యి చాపింది. వెడల్పాటి అరచెయ్యి, పొట్టి వేళ్ళు, బొటనవేలి మొదట్లో బలమైన కండ. అతను వంగి అటూ ఇటూ చూశాడు.

"ఇదే అనిపిస్తోంది."

"అనిపిస్తే ఎలా? వీపు మీద ఒకటి వేస్తాను, సరిపోయిందో లేదో చెప్పు" అంది ఆమె.

వంటశాల అంతా నవ్వారు. అతనూ నవ్వాడు. ఆమె డబ్బాలో చెయ్యి పెట్టి, పిడికిలి బిగించి, జారే గింజల్ని జారనిచ్చి, మూడుసార్లు కాటా పళ్ళెంలో వేసింది. ముల్లు నూట ఇరవై దగ్గర నిలిచింది. అతను ఆ బియ్యం కాగితంలో పోసి, ఒకటికి రెండుసార్లు మడిచి, దారం చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎన్ని బస్తాలు మోసినా అంత జాగ్రత్త ఎప్పుడూ పడలేదు.

"కుదిరితే చెప్పన్నయ్యా. రోజూ ఓ మూడు పిడికెళ్ళు అరువిస్తాను" అంది ఆమె తొట్టివైపు వెళ్తూ.

తక్కిన పని ఎప్పటిలాగే సాగింది. మూతలు లేచాయి, ఆవిరి కప్పును తాకింది. పొడుగాటి చెక్క తెడ్డుతో అన్నాన్ని అంచుల నుంచి విడదీసి, వార్డుల బండ్లలోకి ఎత్తాడు. సాయంత్రానికి బియ్యం కడిగి, గీతలు చూసి, ఆవిరి వదిలే పని కూరల మనిషికి అప్పజెప్పాడు. తన గుండిగల్ని అతను ఇంకొకరికి అప్పజెప్పడం అరుదు. ఆ మనిషి నిజమా కాదా అన్నట్టు చూసి తలూపాడు.

వాళ్ళ ఇల్లు సైకిళ్ళు బాగుచేసే షాపు పైన. మెట్ల మీద ఎప్పుడూ రబ్బరు వాసన. పైన మూడు గదులు, రెండు వీళ్ళవి, మూడోదానిలో మిషను కుట్టే ఆవిడ ఉంటుంది. అతను పనికి వెళ్ళినప్పుడు అక్కను కనిపెట్టుకుని ఉండేది ఆవిడే. అలికిడికి ఆవిడ మిషను ఆపి తల బయటపెట్టి, "పొద్దుట్నుంచీ రెండు చెంచాల నీళ్ళు తాగింది, అంతే" అని చెప్పి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

అక్క కిటికీ పక్క మంచం మీద వెల్లకిలా ఉంది. జుట్టు పలచబడి నెత్తి కనిపిస్తోంది. కళ్ళు మాత్రం ఎప్పటివే.

"వచ్చావా? ఇవాళ రాళ్ళా, జావా?"

"అన్నం" అన్నాడు అతను.

"అబ్బో."

వంటగదిలో అతను నిలబడితే ఇంకొకరికి చోటుండదు. చిన్న గిన్నె అతని చేతిలో మూతలా కనిపించింది. పొట్లం విప్పి బియ్యం పోశాడు, రెండు నీళ్ళు కడిగాడు, గ్లాసు అంచుదాకా నింపి పోశాడు. పొయ్యి వెలిగించి, చేతులు కట్టుకుని నిలుచున్నాడు. వంటశాలలో ఆవిరి వదిలాక ఇంకో పని చూసుకుంటాడు. ఇక్కడ చూసుకోవడానికి ఇంకో పని లేదు. నీళ్ళు కుతకుతమనేసరికి గరిటె తీశాడు.

"కలపకు" అని కేక వినిపించింది. కేక అంటే పాతకాలపు కేక కాదు, ఓపికున్నంత. "కలిపితే మెతుకు విరుగుతుంది. చప్పుడు విను. కుతకుత తగ్గి చిటపట మొదలవుతుందే, అప్పుడు మంట తగ్గించి మూత పెట్టు."

"మా దగ్గర చప్పుడు వినపడదక్కా. ఆవిరి హోరు."

"అందుకే నీకేం తెలియకుండా పోయింది. ఇన్నేళ్ళు వండావు, ఒక్కరోజైనా అన్నం మాట విన్నావా?"

అతను చెవి గిన్నెవైపు వంచాడు. మిషను చప్పుడు, కింద ఎవరో టైరు కొడుతున్న చప్పుడు, వీటి మధ్య గిన్నెలో నీళ్ళ గోల పలచబడుతూ వచ్చింది. చిటపట వినిపించింది. మంట తగ్గించాడు, మూత పెట్టాడు. చాలినంతసేపు మూత తియ్యకుండా ఉండటానికి చేతులు వెనక్కి పెట్టుకోవలసి వచ్చింది.

మూత తీస్తే మెతుకు మెతుకూ విడివిడిగా నిలబడి ఉంది. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా అణిగింది. అతనికి పట్టరాని సంతోషం వేసింది. ఎవరితోనైనా చెప్పాలనిపించింది, చెప్పడానికి ఉన్నది లోపలి గదిలో మనిషే.

వెనక దిండ్లు ఎత్తుపెట్టి అక్కను కూర్చోబెట్టాడు. పళ్ళెంలో అన్నం పెట్టి, చిటికెడు ఉప్పు చల్లి, గోరువెచ్చని పాలు కాసిని పోసి మెదిపాడు. చెంచాతో నోటికి అందిస్తే ఆవిడ చెంచా పక్కకు తోసింది.

"చేత్తో తింటాను. పళ్ళెం దగ్గరికి పట్టు."

వేళ్ళతో కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుంది. అతను ఆవిడ గొంతువైపే చూశాడు. గొంతు కదిలింది. మింగింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వే చెప్పావుగా. మూడు పిడికెళ్ళు."

"నే తీసినవి జావయ్యాయిగా."

అతనికి అబద్ధం ఆడటం రాదు. గిన్నెలు తోమే ఆమె పిడికిలి సంగతి చెప్పాడు. వీపు సంగతి కూడా చెప్పాడు. అక్క నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక తన చెయ్యి ఎత్తి వెలుతురుకు పెట్టి చూసుకుంది. ముందు అరచెయ్యి, తరువాత వెనకవైపు.

"ఇది కొడితే ఏ గాడిదకూ ఆనదు ఇప్పుడు" అంది. "నిన్ను కొట్టినప్పుడు నొప్పెట్టేదా?"

"ఊఁ."

"పెట్టాలనే కొట్టా" అని ఇంకో ముద్ద తీసుకుంది.

నాలుగు ముద్దలు తిన్నది. ఐదోది నములుతూ ఆగి, నాలుకతో ఏదో చివరికి తెచ్చి, వేళ్ళతో తీసి పళ్ళెం అంచున పెట్టింది. పొట్టు ఊడని వడ్లగింజ.

"ఏరలేదు."

"బస్తాలకు బస్తాలు ఎవరేరతారక్కా?"

"నాకు మూడు పిడికెళ్ళేగా. అవి ఏరచ్చుగా" అంది. అని, అతని మొహం చిన్నబోవడం చూసి, "అన్నం బాగుందిరా. నా చేతిదిలాగే ఉంది. నిజం" అంది. అక్క నోటివెంట ఎన్నడూ మెప్పు వినని తమ్ముడు పళ్ళెం ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. నర్సమ్మ సంచీ భుజాన వేసుకుని వచ్చింది. పళ్ళెం చూసింది, అక్క పెదవుల పక్క అంటిన పాలు చూసింది, నాడి పట్టి చూసింది.

"నోటితోనే తిన్నారా?"

"ఐదు ముద్దలు. ఆరోది నువ్వొచ్చావని ఆపాను" అంది అక్క.

"అయితే గొట్టం మాట ఇప్పటికి పక్కన పెడదాం. వచ్చేవారం చూద్దాం."

"వచ్చేవారం నువ్వు చూసుకో. నాకు నిద్రొస్తోంది."

నర్సమ్మ నవ్వి, మిషను ఆవిడకు మందుల విషయం ఏదో చెప్పడానికి పక్క గదిలోకి వెళ్ళింది. అతను దిండ్లు తీసి అక్కను పడుకోబెట్టి, దుప్పటి భుజాల దాకా కప్పాడు. పళ్ళెం మంచం పక్క స్టూలు మీద పెట్టాడు. వంటగదిలో నిలబడి గిన్నెలో మిగిలిన అన్నం ఉప్పు కూడా వేసుకోకుండా తిన్నాడు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. నిజంగానే అక్క చేతి అన్నంలా ఉంది. రేపు బియ్యం ఏరి వండాలనుకున్నాడు.

నీళ్ళ గ్లాసు పట్టుకుని వెళ్ళి, "అక్కా, ఒక గుక్క తాగి పడుకో" అన్నాడు.

జవాబు రాలేదు. నిద్రపోయిందనుకున్నాడు. దుప్పటి మీద ఉన్న చేతిని లోపలికి సర్దబోయి, ఆగాడు. ఆ చెయ్యి అక్కది కానట్టు తేలిగ్గా ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఛాతీ కదలడం లేదు. పక్క గదిలో మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. గ్లాసు కింద పెట్టి, వెళ్ళి, గుమ్మంలో నిలబడి, "నర్సమ్మా, ఒకసారి" అన్నాడు.

ఆవిడ వచ్చి చూసి, అక్క కళ్ళు మూసి, అతని భుజం మీద చెయ్యి వేసింది. "బాధ పడలేదు" అంది. అతను తలూపాడు. "చెప్పినట్టే పోయింది" అన్నాడు. అంతవరకే అనగలిగాడు. తరువాత ఆ భారీ మనిషి మంచం పక్కన నేల మీద కూలబడి, దుప్పటి అంచు మొహానికి అదుముకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

చెప్పవలసిన వాళ్ళకు కబురు వెళ్ళింది. చెప్పవలసిన వాళ్ళు పెద్దగా లేరు. వంటశాల నుంచి ఇద్దరు వస్తామన్నారు. మిషను ఆవిడ కొంగు దోపుకుని ఇల్లు సర్దడం మొదలుపెట్టింది. గిన్నె కడిగింది, పాలగిన్నె కడిగింది, గ్లాసు బోర్లించింది. స్టూలు దగ్గరికి వచ్చి పళ్ళెం అందుకోబోతే అతను నేల మీది నుంచే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది ఉండనివ్వమ్మా."

ఆవిడ లైటు వేసి వెళ్ళింది. పళ్ళెంలో పాలు ఇంకి అన్నం బిగుసుకుంటోంది, ఆరో ముద్దకు అక్క మెదిపిపెట్టుకున్న చోట నాలుగు వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి, అంచున వడ్లగింజ ఉంది.